మాస్టారి మెడలో స్కార్ఫ్ ఏదీ?

*ఆగస్టు 1 ప్రపంచ స్కౌట్ స్కార్ఫ్ దినం. ఎప్పుడో స్కౌట్లుగా ఉన్నవాళ్లు కూడా ఆ రోజు పాత స్కార్ఫ్ వెతికి తీసి, మెడలో వేసుకుని ఆఫీసులకు వెళ్తారు. స్కౌట్ పిల్లల్ని ఇప్పుడు నడిపిస్తున్న పెద్దలు మాత్రం దాన్ని వేసుకోవాలా, వద్దా అని ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ముఖ్యంగా అమెరికాలో.*

సాయంత్రం ఏడు గంటలు. డల్లాస్ శివార్లలో ఒక చర్చి వెనక హాలు. మడత కుర్చీలు గోడకి జరిపేశారు. పదకొండేళ్ల బుడతల నుంచి పదిహేడేళ్ల మీసకట్టు కుర్రాళ్ల దాకా పెట్రోల్ అనే చిన్న జట్ల వారీగా నేల మీద కూర్చున్నారు. సీనియర్ పెట్రోల్ లీడర్ చేతిలో మూడు గుడ్డముక్కలున్నాయి: పసుపు అంచున్న నీలం, ఎరుపు-నలుపు, పూర్తిగా ముదురాకుపచ్చ. ట్రూప్‌కి కొత్త స్కార్ఫ్ ఎంచుకోవాలి. కొందరికి అసలు స్కార్ఫే వద్దు. చేతులెత్తించి లెక్కపెట్టారు. నీలం గెలిచింది. ఇక అందరూ వేసుకోవాల్సిందే.

అప్పుడు ముందు వరసలో ఒక పిల్లాడు వెనక్కి తిరిగాడు. అక్కడ కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డవాళ్లలో ముగ్గురు తెలుగువాళ్లే. పగలు సాఫ్ట్‌వేర్, సాయంత్రం అసిస్టెంట్ స్కౌట్ మాస్టర్లు. యూనిఫాం చొక్కా నిండా బ్యాడ్జీలు, మెడ మాత్రం బోసి.

"మరి మీరు వేసుకోరా అంకుల్?"

"మాకెందుకురా, అవి మీకు!"

హాలంతా నవ్వింది. అడిగినవాడికి మాత్రం జవాబు దొరకలేదు. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఏ ఊళ్లోనైనా ఇలాంటి సాయంత్రం ఒకటి తారసపడుతుంది. తండ్రి పిల్లాణ్ని దింపడానికి వెళ్తాడు, మూడో వారానికి ఎవరో ఒక దరఖాస్తు చేతిలో పెడతారు, ఆరు నెలల్లో ఆయన కూడా యూనిఫాంలో ఉంటాడు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో చదువుకున్న రోజుల్లో స్కౌట్ అంటే పంద్రాగస్టు పరేడ్‌లో ముందు నడిచే పిల్లలని తప్ప ఎరగని మనిషి, నలభై దాటాక గుడారం మేకులు కొట్టడం నేర్చుకుంటాడు. ఇన్ని నేర్చుకున్నవాడు ఒక మూరెడు గుడ్డ దగ్గర ఎందుకు ఆగిపోతున్నాడు?

ఓటు పిల్లలది, మెడ పెద్దలది

అమెరికా స్కౌట్ సంస్థ 1910 ఫిబ్రవరి 8న పుట్టింది. వందేళ్లకు పైగా బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికాగా ఉండి, 2025 ఫిబ్రవరి నుంచి స్కౌటింగ్ అమెరికా అని పేరు మార్చుకుంది. మెడ విషయంలో ఆ సంస్థ పద్ధతి విచిత్రంగా ఉంటుంది. స్కార్ఫ్ వేసుకోవడమా, దాని బదులు బోలో టై అనే తాడు టై కట్టుకోవడమా, ఏదీ లేకుండా ఉండటమా అన్నది ట్రూప్ ఓటు వేసి తేల్చుకోవాలి. కాలరు లోపలికి మడిచి దాని మీదుగా వేసుకోవాలా, కాలరు కిందుగానా అన్నదీ ట్రూప్ ఇష్టమే.

పిల్లలకు ఇంత స్వేచ్ఛ ఇవ్వడం ముచ్చటగానే ఉంది. తంటా ఆ తర్వాత వస్తుంది. పిల్లలు ఓటు వేసి తీర్మానించుకున్నది వాళ్ల వెనక నిలబడ్డ పెద్దలకూ వర్తిస్తుందా? చాలాచోట్ల ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడగనంతకాలం పెద్దలు తమకు మినహాయింపు ఉందనే అనుకుంటారు.

ఇంకో సంగతి. అదే సంస్థ తన పని ఎనిమిది పద్ధతుల మీద నడుస్తుందని చెప్పుకుంటుంది. యూనిఫాం వాటిలో ఒకటి. పెద్దల సాహచర్యం మరొకటి, అంటే పెద్దల్ని దగ్గరగా చూసి పిల్లలు నేర్చుకోవడం. బోసి మెడతో నిలబడి "స్కార్ఫ్ ఏదిరా?" అని పిల్లాణ్ని గద్దించే మాస్టారు ఈ రెండు పద్ధతుల్నీ ఒకేసారి కొట్టేస్తున్నట్టే.

మటోబో కొండల్లో మొదలు

స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ మెడకు ఈ గుడ్డ చుట్టుకున్నది యుద్ధంలో. 1896లో ఇప్పటి జింబాబ్వేలోని మటోబో కొండల్లో, అక్కడి ఎన్‌డెబెలె ప్రజల తిరుగుబాటును బ్రిటిష్ సైన్యం అణచివేస్తున్న సమయం అది. అక్కడ ఆయనకు ఫ్రెడరిక్ రస్సెల్ బర్నహామ్ అనే అమెరికన్ వేగు పరిచయమయ్యాడు. అడుగుజాడలు చదవడం, అడవిలో కంటబడకుండా తిరగడం అతని దగ్గరే నేర్చుకున్నాడు. వెడల్పు అంచు టోపీ, మెడకు చుట్టిన గుడ్డ కూడా ఆ స్నేహంలోనే అబ్బాయి. వలస పాలకుల యుద్ధంలోంచి వచ్చిన గుడ్డ పిల్లల ఆటల్లోకి చేరిన తీరు తలచుకుంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. చరిత్రను ఉతికి ఆరేసి వేసుకోలేం కదా.

1907 ఆగస్టు 1న ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో పట్టుమని పాతిక మంది కూడా లేని పిల్లలతో ఆయన తొలి శిబిరం పెట్టాడు. స్కార్ఫ్ దినం ఆ రోజునే జరుపుకోవడానికి కారణం అదే. మరుసటి ఏడాది 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' వచ్చింది. రోజుకో మంచిపని చేయాలన్న నియమం మరచిపోకుండా మెడగుడ్డ కొసన ముడి వేసుకోమన్న చిట్కా ఆయనదే. ఈ నియమం పెద్దలకు లేదని ఆయన ఎక్కడా అనలేదు. ముసలితనంలో తీసిన ఫొటోల్లో కూడా ఆయన మెడలో స్కార్ఫ్ కనిపిస్తుంది.

> ■ ఒక్క గుడ్డ, ఎన్నో పనులు
>
> త్రికోణపు కట్టును 19వ శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చింది జర్మన్ సర్జన్ ఫ్రెడరిక్ ఫాన్ ఎస్‌మార్క్. సైనికుడు తన గాయానికి తానే కట్టు కట్టుకోగలగాలన్నది ఆయన ఆలోచన. స్కౌట్ స్కార్ఫ్‌ది కూడా అదే ఆకారం.
>
> ▪ విరిగిన చేతికి ఊయల కట్టు, విరిగిన కాలికి బద్దలు కట్టే పట్టీ
> ▪ దుమ్ము లేచినప్పుడు ముక్కుకు అడ్డం, ఎండలో తలపాగా
> ▪ రీఫ్ నాట్‌తో ఒకదానికొకటి ముడివేస్తే తాడు
> ▪ కర్రకు కడితే సంకేతాల జెండా
>
> ఒక జాగ్రత్త: రోజంతా చెమట పట్టిన గుడ్డను తెరిచి ఉన్న గాయం మీద నేరుగా వేయకూడదు. గొడ్డలి పట్టినప్పుడూ, తాడు పట్టుకుని బండ ఎక్కేటప్పుడూ స్కార్ఫ్ తీసి పక్కన పెట్టాలి.

పెద్దల మెడ ఎప్పుడు బోసిపోయింది?

అమెరికా నాయకులు పిల్లల మీద చిన్నచూపుతో స్కార్ఫ్ మానేశారనుకుంటే పొరపాటు. కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి.

ఒకప్పుడు అక్కడి పెద్దల యూనిఫాంలో టై ఉండేది. పిల్లలకు స్కార్ఫ్, పెద్దలకు టై అన్న తేడా అప్పటి నుంచే ఊరుతూ వచ్చింది. 1980లో ప్రముఖ ఫ్యాషన్ డిజైనర్ ఆస్కార్ డి లా రెంటా యూనిఫాంను కొత్తగా రూపొందించాడు. ఖాకీ పోలిన లేత గోధుమరంగు చొక్కా, పై గుండీ విప్పి వేసుకునే కాలరు. మెడలో ఏమీ లేకపోయినా చూడటానికి పూర్తిగానే కనిపించే చొక్కా అది. అలాంటి చొక్కా వచ్చాక "ఇంకేదో తక్కువైంది" అని ఎవరికి అనిపిస్తుంది?

దీనికన్నా బలమైన కారణం పిల్లల దగ్గర ఉంది. కిండర్‌గార్టెన్ నుంచి అయిదో తరగతి దాకా పిల్లలు కబ్ స్కౌట్లు. వాళ్లకు స్కార్ఫ్ ఉంటుంది, తరగతి పెరిగే కొద్దీ దాని రంగు మారుతుంది. ఆ దశ దాటి పెద్ద ట్రూప్‌లోకి వచ్చినవాడికి స్కార్ఫ్ అంటే బుడతల వేషం. పదమూడేళ్లవాడి కంటికి ప్రపంచంలో చిన్నపిల్లాడిలా కనిపించడం కన్నా ఘోరం మరొకటి లేదు. వాడు తల పైకెత్తి చూస్తే ఏ పెద్దమనిషి మెడలోనూ అది లేదు. అంటే ఎదగడమంటే స్కార్ఫ్ తీసేయడమే అని వాడు లెక్క కట్టుకుంటాడు. ఆ లెక్కలో తప్పు పట్టడం కష్టం.

ఇక గుడ్డ సంగతి. అమెరికా దుకాణాల్లో స్కౌట్లకు అమ్మే స్కార్ఫులు చాలావరకు చిన్నవి, పలచటివి. చుట్టి, పట్టి ఉంచే ఉంగరం (వాగల్) ఎక్కిస్తే రెండు కొసలూ బొత్తాల దగ్గరే ఆగిపోతాయి. యూరప్ స్కౌట్ల స్కార్ఫులు పొడుగ్గా, నిండుగా కిందికి దిగుతాయి. దేశదేశాల స్కౌట్లు కలిసే ప్రపంచ జాంబోరీల్లో స్కార్ఫులు మార్చుకోవడం పిల్లలకు పెద్ద సరదా. అక్కడ పక్క దేశంవాడి స్కార్ఫ్ చేతిలోకి తీసుకున్నప్పుడే చాలామంది అమెరికా పిల్లలకు తేడా తెలుస్తుంది. చిన్న గుడ్డతో చేతికి ఊయల కట్టు కట్టలేరు. పనికిరానిది అలంకారమైపోతుంది. నలభై అయిదేళ్ల మనిషి, కాస్త పొట్ట ఉన్నవాడు, అంత చిన్న గుడ్డ మెడకు కట్టుకుని అద్దంలో చూసుకుంటే తీసేయాలనే అనిపిస్తుంది. ఈ విషయంలో నా సానుభూతి పూర్తిగా ఆ అంకుళ్లకే.

ఉక్కపోత, కాలరు కింద చెమట, చొక్కా మీది బ్యాడ్జీలు కనబడకపోవడం లాంటివి కూడా చెబుతారు. ఎండ పిల్లలకూ ఒకటే కాబట్టి వాటి మీద ఎక్కువసేపు నిలవక్కర్లేదు.

గిల్వెల్ గుడ్డ గొడవ

స్కార్ఫ్ అంటే మొహం చాటేసే పెద్దల పక్కనే, ఒక ప్రత్యేకమైన స్కార్ఫ్‌ను ఒంటి మీద నుంచి దించని పెద్దలూ ఉంటారు. అది గిల్వెల్ స్కార్ఫ్.

స్కాట్లండ్‌కు చెందిన విలియం డి బోయ్ మెక్‌లారెన్ ఇచ్చిన డబ్బుతో లండన్ శివార్లలోని గిల్వెల్ పార్కును కొన్నారు. 1919 సెప్టెంబరులో స్కౌట్ మాస్టర్లకు తొలి వుడ్ బ్యాడ్జ్ శిక్షణ అక్కడే జరిగింది. దాత మీద గౌరవంతో శిక్షణ పూర్తిచేసినవాళ్లకు మొదట్లో ఆయన వంశపు గళ్లగుడ్డతో స్కార్ఫ్ ఇచ్చేవారు. ఆ గళ్లగుడ్డ ఖరీదెక్కువ. అందుకని మామూలు బూడిదరంగు స్కార్ఫ్ వెనక కొసన ఆ గుడ్డ చిన్న ముక్క మాత్రం కుట్టడం మొదలుపెట్టారు. నేటికీ అదే పద్ధతి. ప్రపంచమంతా గౌరవించే ఆ ముక్క వెనక ఉన్నది పొదుపే.

వుడ్ బ్యాడ్జ్ సాధించడం తేలిక కాదు. శిబిరంలో రోజుల తరబడి శిక్షణ, తర్వాత సొంత ట్రూప్‌లో నెలల పని. అంత కష్టపడ్డవాళ్లు ఆ స్కార్ఫ్, రెండు చెక్కపూసలు వేసుకుని మురిసిపోతే తప్పేముంది? తప్పు లేదు గానీ ఒక చిక్కుంది. వుడ్ బ్యాడ్జ్ పొందిన ప్రతి ఒక్కరినీ గిల్వెల్ పార్క్ ఒకటో ట్రూప్ సభ్యులుగా లెక్కిస్తారు. ఆ స్కార్ఫ్ ఆ ట్రూప్‌ది. అంటే వారం వారం సొంత పిల్లల మధ్యకి గిల్వెల్ స్కార్ఫ్‌తో వచ్చే మాస్టారు నిజానికి వేరే ట్రూప్ స్కార్ఫ్ కట్టుకుని వస్తున్నారు.

మెడలో గుడ్డకు ఎంత అర్థముందో తెలుగువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కండువా కప్పుకున్నాడంటే పార్టీలో చేరాడని, మార్చాడంటే ఫిరాయించాడని మన పత్రికల భాష. ఎన్నికల వేళ సొంత పార్టీ సభకు ఇంకో రంగు కండువాతో వచ్చిన నాయకుణ్ని కార్యకర్తలు ఎంత కోపంగా చూస్తారో, గిల్వెల్ స్కార్ఫ్ మాస్టారిని పిల్లలు అంతగా చూడరు. దూరంగా మాత్రం చూస్తారు. "సార్ వేరే లెవెల్" అనుకుంటారు.

> ■ పూసలు, వాగల్
>
> ▪ వుడ్ బ్యాడ్జ్ తొలి పూసలు జులూ రాజు దినుజులు హారం నుంచి వచ్చాయి. 1888లో జులూలాండ్‌లో ఉన్నప్పుడు ఆ హారం బేడెన్ పవెల్ చేతికి చేరింది. ఇప్పుడిచ్చేవి నకళ్లు.
> ▪ స్కార్ఫ్‌ను పట్టి ఉంచే ఉంగరాన్ని వాగల్ అంటారు. తోలు తాడుతో అల్లే గిల్వెల్ వాగల్‌ను 1920ల మొదట్లో తయారుచేసింది అక్కడి యువ ఉద్యోగి బిల్ షాంక్లీ.
> ▪ వాగల్ ఊరికే జారిపోతుందని పిల్లలు విసుక్కుంటారు. స్కార్ఫ్ ఎక్కడైనా చిక్కుకున్నప్పుడు మెడ బిగుసుకోకుండా ఆ జారుడే కాపాడుతుంది.

ఎర్ర స్కార్ఫుల లోకం

బ్రిటన్‌లో ఈ చర్చే వింతగా ఉంటుంది. అక్కడ ప్రతి గ్రూపుకూ తనదైన రంగు, ఆరేళ్ల పిల్లాడి నుంచి అరవై ఏళ్ల లీడర్ దాకా అందరికీ అదే. ముద్దుగా 'నెకర్' అంటారు. యూనిఫాం చొక్కా లేకుండా టీషర్టు మీద కూడా వేసుకుంటారు. యూరప్‌లో చాలా దేశాల్లో చొక్కా మరిచిపోయినా ఫర్వాలేదు గానీ స్కార్ఫ్ మరిచిపోకూడదు.

దీనికి మరో కోణం కూడా ఉంది. సోవియట్ రష్యా స్కౌట్లను నిషేధించి, 1922లో యంగ్ పయనీర్ల సంస్థను పెట్టింది. స్కౌట్ స్కార్ఫ్‌ను మాత్రం వదులుకోలేదు, ఎర్రరంగు వేసి ఉంచుకుంది. డెబ్భైలు, ఎనభైల్లో విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో సోవియట్ పిల్లల కథలు కొని చదివిన తరానికి ఆ బొమ్మలు గుర్తుండే ఉంటాయి: తెల్ల చొక్కా, ఎర్ర స్కార్ఫ్, బుగ్గలు నిండిన పిల్లలు. వాళ్ల శిబిరాల్లోని నాయకుల మెడలోనూ అదే ఎర్ర స్కార్ఫ్ ఉండేది. ఒకే గుడ్డ అందరి మెడలో వేస్తే ఎంత బలంగా కలిపి ఉంచగలదో ఆ రాజ్యానికి బాగా తెలుసు. స్కార్ఫ్ అంటే ఇష్టపడేవాళ్లు ఈ సంగతి కూడా తెలుసుకుని ఇష్టపడటం మంచిది. పిల్లలు ఓటు వేసి ఎంచుకున్న గుడ్డ వేరు, పైనుంచి దిగిన గుడ్డ వేరు.

మన బళ్లలో ఇంకో రకం కథ

మన దేశంలో స్కౌటింగ్ 1909లో బెంగళూరులో మొదలైంది. మొదట్లో బ్రిటిష్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే ప్రవేశం. దానికి జవాబుగా 1916లో మద్రాసులో అనీ బిసెంట్ ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ స్థాపించారు. ఆ స్కౌట్లు టోపీ బదులు తలపాగా చుట్టుకున్నారు. మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ చేతుల మీదుగా సేవాసమితి స్కౌట్లు వచ్చారు. ఈ పాయలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి.

ఇక్కడ నియమం స్పష్టంగా ఉంది. స్టీల్ గ్రే చొక్కా మీద, కాలరు పైనుంచి, గ్రూపు రంగు స్కార్ఫ్ ఉండాలి. దాన్ని పట్టి ఉంచేది గిల్వెల్ వాగల్ కాకూడదు, గ్రూపు వాగల్ అయి ఉండాలి. పిల్లలకూ, స్కౌట్ మాస్టరుకూ, గైడ్ కెప్టెనుకూ స్కార్ఫ్ తప్పదు. ఓటు ప్రసక్తే లేదు. వుడ్ బ్యాడ్జ్‌ని మన దగ్గర హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అంటారు. అది ఉన్నవాళ్ల మెడలో గిల్వెల్ స్కార్ఫే కనిపిస్తుంది.

కాబట్టి మన మాస్టారి మెడ బోసిగా ఉండదు. స్కార్ఫ్ ఉండేది ఎప్పుడన్నదే ప్రశ్న. ఆగస్టు 15, జనవరి 26, అధికారుల తనిఖీ, స్కౌట్ల రాజ్య పురస్కార్ పరీక్షలు. మిగతా రోజుల్లో స్కార్ఫ్ బీరువాలో, ఇస్త్రీ మడతల మధ్య. నిందించడానికి చెప్పట్లేదు. జిల్లా పరిషత్ బడిలో స్కౌట్ మాస్టరంటే విడిగా ఒక ఉద్యోగం కాదు. లెక్కలో తెలుగో చెప్పుకుంటూ, మిడ్‌డే మీల్ చూసుకుంటూ, ఎన్నికల డ్యూటీకి వెళ్తూ, మిగిలిన సమయంలో చేసే పని. యూనిఫాం కుట్టించుకోవడం చాలామందికి సొంత జేబు ఖర్చు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో, పుష్కర ఘాట్లలో చూడండి. తప్పిపోయిన ముసలమ్మకు మైకు దగ్గరికి దారి చూపించేది స్కార్ఫ్ వేసుకున్న పిల్లే. ఆ జనంలో ఆమె "అమ్మా, ఇటు" అని ఎవరి చేయైనా పట్టుకోగలుగుతోందంటే మెడలో ఉన్న ఆ గుడ్డ వల్లే. పక్కనే నిలబడ్డ మాస్టారి మెడలో అదే రంగు ఉంటే, ఆ పిల్లకు ఏదైనా ఇబ్బంది వచ్చినప్పుడు ఎవర్ని పిలవాలో జనానికీ తెలుస్తుంది. నా మటుకు స్కార్ఫ్‌కు ఇంతకన్నా గట్టి వాదన కనిపించలేదు.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. రైల్వే ఉద్యోగాల్లో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది. దానివల్ల ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. అదే సమయంలో స్కార్ఫ్ అంటే సర్టిఫికెట్‌కి మొదటి మెట్టు అన్న చూపూ పెరిగింది. అమెరికాలో కాలేజీ దరఖాస్తులో, అక్కడి అత్యున్నత స్కౌట్ హోదా అయిన ఈగిల్ స్కౌట్ అని రాసుకోవడం కోసం పిల్లల్ని పంపే మన తల్లిదండ్రులకు ఈ చూపు కొత్తేమీ కాదు. ఏ దేశమేగినా మనం మనమే.

వేసుకోవాలా, వద్దా?

వేసుకోవాలి. ఆ పిల్లలు ఎంచుకున్నదే వేసుకోవాలి. గిల్వెల్ స్కార్ఫ్ సాధించినవాళ్లు దాన్ని శిక్షణ శిబిరాలకు, తోటి నాయకులు కలిసే రోజులకు దాచుకోవడం బాగుంటుంది. వారం వారం జరిగే మీటింగులో ట్రూప్ రంగు చాలు. ట్రూప్ ఓటు వేసి "స్కార్ఫ్ వద్దు" అంటే పెద్దలూ వేసుకోకూడదు. ఈ రెండో మాట స్కార్ఫ్ ప్రియులకు చేదుగా ఉంటుందని తెలుసు. పిల్లల ఓటును మన ఇష్టానికి సరిపోయినప్పుడే గౌరవిస్తే అది ఓటే కాదు.

వేసుకోనంత మాత్రాన ఎవరూ చెడ్డ నాయకులైపోరు. స్కార్ఫ్ ఎప్పుడూ కట్టకపోయినా వర్షంలో తడుస్తూ పదిమంది పిల్లల గుడారాలు సరిచేసే మాస్టార్లు ఉన్నారు. గిల్వెల్ పూసలతో మెరిసిపోతూ కుర్చీ దిగనివాళ్లూ ఉన్నారు. ఎవర్ని ఎన్నుకుంటారని పిల్లల్ని అడిగితే జవాబు మనందరికీ తెలుసు. అయితే ఆ తడిసే మాస్టారే పిల్లల రంగు కూడా కట్టుకుంటే అభ్యంతరమేమిటి?

కొలత విషయంలో మాత్రం అమెరికా ట్రూపులు మన నియమాల పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. భారత్ స్కౌట్స్ స్కార్ఫ్‌కు రెండు భుజాలూ 70 నుంచి 80 సెంటీమీటర్లు ఉండాలి. దుకాణంలో దొరికే చిన్న గుడ్డ మానేసి, మంచి నూలు గుడ్డ తెచ్చి ఆ కొలతకు అంచులు కుట్టిస్తే పెద్దవాళ్ల మెడకూ నిండుగా ఉంటుంది. కొండ మీద ఏ పిల్లాడో పడి చేయి విరగ్గొట్టుకుంటే ఊయల కట్టుకూ సరిపోతుంది. అమెరికాలో దర్జీ ఖర్చు ఎక్కువ. ఎండాకాలం సెలవులకు ఊరొచ్చినప్పుడు ట్రూప్ మొత్తానికి ఇక్కడే కుట్టించుకుని వెళ్లొచ్చు, పచ్చళ్ల డబ్బాల పక్కన పెద్ద బరువేమీ ఉండదు.